రోకలిబండలు పెంచిన అడవి

ఏమర్రా పిల్లలూ, మీ వంటింట్లో స్టవ్వు పెట్టుకునే గట్టు ఓసారి దగ్గరికెళ్ళి చూడండి. నల్లటి రాయి మీద బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటే అది మన ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర తవ్వి తీసిన గెలాక్సీ గ్రానైట్. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు. పెరట్లో పరిచినవి నాపరాళ్ళయితే తాండూరు నుంచో బేతంచెర్ల నుంచో వచ్చి ఉంటాయి. గోడల్లో ఉన్న సిమెంటు ఒకప్పుడు ఎక్కడో సున్నపురాతి గుట్ట. ఇల్లు కట్టుకోవద్దనీ, రాయి తియ్యొద్దనీ నేను చెప్పబోవడం లేదు. అయితే రాయి మన ఇంటికొచ్చాక, అది పోయిన చోట ఏం మిగిలిందో కూడా తెలుసుకోవాలి కదా. ఆ చోటును మళ్ళీ పచ్చగా చెయ్యొచ్చా? ఎవరైనా చేసి చూపించారా? ఇవాళ్టి కబుర్లు అవే.

క్వారీలో పని ఎలా మొదలవుతుందంటే, ముందు చెట్లూ చేమలూ కొట్టేస్తారు. తర్వాత మట్టి. గుట్ట మీద మట్టి ఎంతుంటుంది? కొన్నిచోట్ల జానెడు, కొన్నిచోట్ల బెత్తెడు. దాన్ని జేసీబీతో గీకి ఓ పక్కన పారేస్తారు. ఆ పైన పనికిరాని రాళ్ళు పోస్తారు. అప్పుడు అసలు బండ బయటపడుతుంది. డ్రిల్లు వెయ్యడం, పేల్చడం లేదా వైరుతో కొయ్యడం, లారీలకెత్తడం. ఇరవై ముప్ఫై ఏళ్ళకు రాయి అయిపోతుంది, మిషన్లు ఇంకో గుట్టకు పోతాయి. మిగిలింది నిలువు గోడల గుంట. అడుగున ఉత్త బండ.

అలా వదిలేస్తే ప్రకృతే చూసుకోదా అని మీరు అడగొచ్చు. చూసుకుంటుంది, కానీ దాని తీరిక వేరు. ముందు బండ మీద బూడిదరంగులో, పసుపురంగులో మచ్చలు కనిపిస్తాయి చూశారా, ఆ లైకెన్లు రావాలి. అవి వదిలే ఆమ్లాలకు రాయి పైపొర కొంచెం కొంచెం గుల్లబారుతుంది. వానలకు నాచు పట్టాలి, ఎండకు చావాలి, మళ్ళీ పట్టాలి. గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము పగుళ్ళలో చేరాలి. అందులో ఓ గడ్డిపరక, దాని వేళ్ళ చుట్టూ ఇంకాస్త మన్ను. ఇలా ఒక్క అంగుళం మట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. క్వారీ మూసేసిన ఊళ్ళో వాళ్ళకు అంత ఆయుష్షు లేదు. అందుకే మనిషి చెయ్యి వెయ్యాలి. అయితే ఎక్కడ వెయ్యాలన్నదే అసలు ప్రశ్న. వర్షాకాలంలో నాలుగు వేల మొక్కలు నాటేసి, ఫొటోలు దిగేసి వెళ్ళిపోతే, మరుసటి మే నెలకు అక్కడ ఎండుపుల్లలు తప్ప ఏమీ ఉండవు. ఎందుకో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన చోటొకటుంది. అది ఆఫ్రికాలో ఉంది.

కెన్యా దేశంలో మొంబాసా నగరానికి ఉత్తరాన, మన తీరాన్ని తాకే హిందూ మహాసముద్రానికి అవతలి ఒడ్డున, బంబూరి అనే ఊరుంది. ఎప్పుడో యుగాల కింద అక్కడ సముద్రంలో పగడపు జీవులు కట్టుకున్న దిబ్బలు, నీళ్ళు వెనక్కి పోయాక నేలగా మిగిలాయి. పగడపు దిబ్బంటే సున్నపురాయే. సిమెంటుకు కావాల్సిందీ అదే. 1954లో అక్కడ ఫ్యాక్టరీ పని మొదలైంది. తవ్వి తవ్వి భూగర్భజలం దగ్గరదాకా వెళ్ళారు. ఆ నీళ్ళు కూడా ఉప్పగా ఉండేవి, సముద్రం పక్కనే కదా. పైన చెట్టు నీడ లేదు. తెల్లటి బండనేల మీద ఎండపడితే కళ్ళు తెరవలేనంత వెలుగు, కాలు పెట్టలేనంత వేడి. పిట్ట వాలడానికి కూడా ఏమీ లేదు.

ఆ ఫ్యాక్టరీలో తోటల పని చూసుకోవడానికి 1959లో చేరిన స్విట్జర్లాండు ఆయన ఒకరున్నారు, పేరు రెనే హాలర్. ఉద్యానశాస్త్రం చదువుకున్న మనిషి. 1971లో ఈ గుంటను మళ్ళీ పచ్చగా చేసే పని ఆయన చేతిలో పెట్టారు. ఆయన ఏం చేశారంటే, ఏ చెట్టు బతుకుతుందో పుస్తకాల్లో వెతుక్కుంటూ కూర్చోకుండా, 26 రకాల చెట్లు తెచ్చి ఆ బండలో గుంటలు తీసి నాటారు. బతికినవి మూడంటే మూడే. ఒకటి కొబ్బరి. రెండోది సోమాలియా వైపు పెరిగే కోనోకార్పస్. ఈమధ్య మన ఊళ్ళలో రోడ్ల మధ్య వరసగా నాటి, తర్వాత మనకు వద్దు బాబోయ్ అనుకున్నారే, ఆ జాతి చెట్టే. మూడోది మన కోస్తా పిల్లలందరికీ తెలిసిన సరుగుడు.

బాపట్ల సూర్యలంక వైపో శ్రీకాకుళం తీరానికో వెళ్ళినవాళ్ళకు సరుగుడు తోపు గురించి చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి జడవదు. ఉత్త ఇసుకలో పెరుగుతుంది. మట్టిలో సారం లేకపోయినా ఎలా పెరుగుతుందంటే, దాని వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురం ఉంటుంది. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి చెట్టుకు ఎరువుగా అందిస్తుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర పెడుతుంది. కంది, పెసర, వేరుశనగ వేళ్ళ బుడిపెల్లో రైజోబియం చేసే పని లాంటిదే ఇది, కాకపోతే ఈ జీవి వేరే కుటుంబానిది. బంబూరి గుంటలో నత్రజని అన్నమాటే లేదు. అలాంటి చోట తన ఎరువు తానే తెచ్చుకోగల చెట్టు గెలవడంలో వింతేముంది? సరుగుడు మొక్కలు బండలో వేళ్ళు దించి, ఉప్పునీళ్ళు తాగుతూ, ఎవరూ ఊహించనంత వేగంగా ఎదిగాయి. కొన్నేళ్ళకు నీడ వచ్చింది, గాలి చల్లబడింది.

అందరూ ఇక్కడే పని అయిపోయిందనుకుంటారు. దూరం నుంచి చూస్తే పచ్చగా ఉంది కదా. హాలర్ మాత్రం నేల వైపు చూశారు. నేల మీద సరుగుడు పుల్లలు రాలి రాలి పరుపు కట్టాయి. ఏడాది కిందటి పుల్ల, రెండేళ్ళ కిందటి పుల్ల, అన్నీ అలాగే ఉన్నాయి. ఏదీ కుళ్ళడం లేదు. కుళ్ళకపోతే మట్టి కాదు. మట్టి లేకపోతే ఇంకో మొక్క రాదు.

ఇక్కడ కాస్త ఆగి సరుగుడు పుల్ల సంగతి చెబుతాను, మీరు చేత్తో పట్టుకుని చూడాల్సిన వస్తువది. మనం ఆకు అనుకునే ఆ సన్నటి పచ్చపుల్ల ఆకు కాదు, కొమ్మ. రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా లాగితే కణుపు దగ్గర టక్కున ఊడి వస్తుంది. ఊడిన చోట భూతద్దం పెట్టి చూడండి. అంచు చుట్టూ బుల్లి బుల్లి పళ్ళ వరస కనిపిస్తుంది. ఏడెనిమిది ఉంటాయి. అవీ అసలు ఆకులు! నీళ్ళు ఆవిరైపోకుండా ఆకుల్ని అంత చిన్నవి చేసుకుని, వంట పనంతా పచ్చకొమ్మలకు అప్పజెప్పింది ఆ చెట్టు. ఆ పుల్ల నిండా టానిన్ ఉంటుంది. తుమ్మబెరడు నమిలితే నాలుక పిడచకట్టుకుపోతుందే, ఆ వగరు పదార్థమే. తోలు శుద్ధి చేసేవాళ్ళు తుమ్మబెరడు వాడేది తోలు కుళ్ళకుండా ఉండడానికే. మరి ఆ టానినే నిండా ఉన్న పుల్ల బ్యాక్టీరియాకు సులభంగా లొంగుతుందా? పైగా అందులో కర్బనం దండిగా, నత్రజని కొద్దిగా. సూక్ష్మజీవికి ఒళ్ళు పెరగాలంటే నత్రజని కావాలి. కాబట్టి ఆ పుల్ల జోలికి పోవు. మన తీరంలో కూడా సరుగుడు తోపులో నేల చూడండి, పుల్లలు మందంగా పరుచుకుని ఉంటాయి. ఊళ్ళో వాళ్ళు పొయ్యిలోకి ఊడ్చుకుపోతారు గనక సరిపోతోంది.

మరి బంబూరిలో ఏం చేశారు? అక్కడే నాకు ఈ కథ మీద ప్రేమ పుట్టింది. ఆ పుల్లల్లో ఎర్రకాళ్ళ రోకలిబండ ఒకటి కనిపించింది. తొలకరి పడగానే మన పెరట్లోకి, స్నానాలగదిలోకి వస్తుంది చూడండి, పుల్లతో తాకగానే గుండ్రంగా చుట్టుకుపోతుంది, ఆ కోవదే. అక్కడిది ఇంకాస్త లావు, నల్లటి ఒళ్ళు, ఎర్రటి కాళ్ళు. అది ఎవరూ ముట్టని సరుగుడు పుల్లల్ని తింటోంది! హాలర్ చుట్టుపక్కల నుంచి అలాంటి రోకలిబండల్ని వందలకొద్దీ పోగుచేయించి తోపులో వదిలించారు.

రోకలిబండ తింటే ఏమవుతుందంటారా? దానికి కావలసిన సారం కొంచెమే. తిన్నదాంట్లో చాలా భాగం బయటికే వస్తుంది. కానీ లోపలికి పోయింది గట్టి పుల్ల, బయటికొచ్చింది తడిగా, పొడిపొడిగా నలిగిన ముద్ద. దాని పేగులో ఉండే సూక్ష్మజీవులు ఆ ముద్దకు అంటుకుని వస్తాయి. పుల్ల బయటివైపు మాత్రమే తాకగలిగిన బ్యాక్టీరియాకు, బూజుకు ఇప్పుడు ప్రతి రేణువూ అందుబాటులోకి వచ్చింది. టానిన్ బలం తగ్గింది. అలా కుళ్ళడం మొదలై, నల్లటి జీవసారం ఏర్పడింది. బండ మీద మొదటిసారిగా మట్టి అనదగ్గది పుట్టింది. రోకలిబండలు పిల్లల్ని పెట్టాయి, అవి ఇంకొన్ని పుల్లలు తిన్నాయి. మట్టి మందమైంది. తడి నిలిచింది. గడ్డి వచ్చింది. అప్పుడు ఆ ప్రాంతపు సొంత చెట్లు నాటడం మొదలుపెట్టారు. రోకలిబండలకు ముందు నాటి ఉంటే అవన్నీ ఎండిపోయేవే.

చూశారా, చెట్టు నాటడం ఒక్కటే సరిపోదర్రా. దాని ఆకు తినేవాడుండాలి. ఆకు రాల్చేవాడు, తినేవాడు, ఆ తిన్నదాన్ని కుళ్ళబెట్టేవాడు, ఈ ముగ్గురూ చేరితేనే నేల తయారవుతుంది. మన దగ్గర మొక్కలు నాటే కార్యక్రమాలన్నీ మొదటివాడిని మాత్రం పిలుస్తాయి, మిగతా ఇద్దరినీ ఎవరూ తలుచుకోరు. మిమ్మల్ని ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోమంటాను.

ఇంకో గొప్ప లక్షణం సరుగుడుకుంది. తన పుల్లల పరుపు మీద, తన నీడలో, తన గింజే సరిగ్గా మొలవదు. నరికితే మొదలు నుంచి గట్టిగా చిగురు వెయ్యదు కూడా. అందుకని హాలర్ తోపులో సరుగుడును కొద్దికొద్దిగా కొట్టి కలపకు, వంటచెరకుకు వాడుకుంటూ, ఆ ఖాళీల్లో స్థానిక జాతులను ఎదగనిచ్చారు. ఊరి పెద్ద చెట్టు వచ్చేదాకా నీడపట్టి, వచ్చాక చోటు ఖాళీ చేసింది సరుగుడు. మొదట నాటే చెట్టును ఎంచుకునేటప్పుడు అది ఎంత వేగంగా పెరుగుతుందని అడిగితే చాలదు, తర్వాత తప్పుకుంటుందా అని కూడా అడగాలి.

నీళ్ళు పైకి తేలిన చోట చెరువులు చేశారు, తిలాపియా చేపలు పెంచారు. గడ్డి మేయడానికి జింకజాతి జంతువులను తెచ్చారు. పిట్టలు వచ్చి గింజలు రాల్చాయి. 1980ల్లో జనాన్ని చూడనిచ్చారు, ఇప్పుడది హాలర్ పార్కు. 2004 డిసెంబరు 26న మన కోస్తాను కూడా కొట్టిన సునామీ గురించి విన్నారా, మీరు పుట్టక ముందుది, మీ అమ్మానాన్నల్ని అడగండి. ఆ అలలు కెన్యాదాకా వెళ్ళాయి. తల్లికి దూరమైన ఒక నీటిగుర్రం పిల్ల సముద్రంలో చిక్కుకుంటే జనం వలలతో పట్టి ఈ పార్కుకే చేర్చారు. దాని పేరు ఓవెన్. వచ్చీ రాగానే అది అక్కడున్న ఎమ్జీ అనే ముసలి తాబేలు పక్కన చేరింది. అది అల్డాబ్రా దీవుల జాతి, వయసు 130 దాకా ఉంటుందనేవారు. ఆ రెండూ కలిసి తిని, కలిసి పడుకున్న ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఆ ఫొటోల్లో వెనక కనిపించే పచ్చదనమంతా ఒకప్పటి సిమెంటు క్వారీ అని చాలామందికి తెలియదు.

బంబూరిలో జరిగింది మట్టి పూర్తిగా పోయాక చేసిన పని. అసలు మట్టిని పోగొట్టుకోకుండా ఉంటే? దానికి పడమటి ఆస్ట్రేలియాకు పోదాం. పెర్త్ నగరానికి దగ్గర కొండల్లో జర్రా అనే పెద్ద చెట్ల అడవి ఉంది. దాని కింద అల్యూమినియం తీసే బాక్సైటు. 1963 నుంచి ఆల్కోవా కంపెనీ అక్కడ తవ్వుతోంది. నాలుగైదు మీటర్ల లోతు ఖనిజం తీసేసి మళ్ళీ అడవి పెంచాలి. మొదట్లో వాళ్ళు పైన్ చెట్లు, ఆస్ట్రేలియా తూర్పువైపు యూకలిప్టస్ రకాలు నాటారు. జర్రాను చంపే ఒక తెగులు మట్టిలో వ్యాపిస్తోంది గనక, దాన్ని తట్టుకునే వేరే చెట్లు మేలని వాళ్ళ ఆలోచన. అవి పెరిగాయి, కానీ అది ఆ అడవి కాలేదు. 1988 నుంచి ఆ చోటి జర్రా, మర్రీ చెట్లే పెంచాలని పద్ధతి మార్చారు. మర్రీ అంటే మన మర్రి కాదర్రా, అదీ యూకలిప్టస్‌కు చుట్టమే. తెగులు మట్టితో పాకకుండా లారీల చక్రాలు కడిగి పంపే ఏర్పాటు చేశారు.

ఆ తర్వాత మట్టి మీద పడింది వాళ్ళ దృష్టి. అడవి గింజల్లో ఎక్కువ భాగం పైనున్న కొద్ది అంగుళాల మట్టిలోనే ఉంటాయి. వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రాలూ అక్కడే. ఆ మట్టిని తీసి ఎత్తుగా కుప్పపోస్తే లోపల గాలాడక, తడికి, వేడికి అన్నీ చస్తాయి. రెండేళ్ళాగి పరిస్తే అది ఉత్త దుమ్ము. అందుకని ఒక గుంటలో కొత్తగా తవ్వే ముందు గీకిన పైమట్టిని, వెంటనే, తవ్వడం అయిపోయిన పక్క గుంటలో పరవడం మొదలుపెట్టారు. మీ అమ్మమ్మ పాలలో వేసే చెంచాడు పెరుగు చూడండి, తోడు తాజాగా ఉంటేనే పాలు గడ్డకడతాయి. పైమట్టి కూడా అలాగే, బతికున్నప్పుడు వేస్తేనే కింది చచ్చిన మట్టి తోడుకుంటుంది. మట్టి పరిచే ముందు ఇంకో పని ఉంది. లారీలు తిరిగి తిరిగి గుంట అడుగు గట్టిపడిపోయి ఉంటుంది కదా. దాన్ని వాలుకు అడ్డంగా, మనిషి నడుము లోతును మించి, ఇనుప కొక్కేలతో చీలుస్తారు. వేరు దిగాలంటే, వాననీరు ఇంకాలంటే అది తప్పదు.

అయినా కొన్ని గింజలు మొలవలేదు. నెలలు గడిచినా, నీళ్ళు పోసినా కదలని గింజలు. వాటి రహస్యం పొగలో ఉంది! దక్షిణాఫ్రికాలో 1990లో ఒక పొద మీద ప్రయోగం చేసి, మొక్కల పొగ తగిలితే గింజ లేస్తుందని ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. అడవి కాలి, పైన నీడ పోయి, బూడిద ఎరువు పడిన సమయం కొత్త మొక్కకు మంచి ముహూర్తం. గింజ దానికోసం మట్టిలో ఏళ్ళ తరబడి కాచుకుంటుంది. ఆస్ట్రేలియాలో కూడా ఎన్నో స్థానిక మొక్కలకు ఇదే గుణం ఉందని తేలింది. పొగలో వేల పదార్థాలుంటాయి, ఏది గింజను లేపుతోందో తెలియాలి కదా. 2004లో పెర్త్ శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. తర్వాత దానికి కారికినోలైడ్ అని పేరు పెట్టారు. వంద కోట్ల భాగాల నీటిలో ఒక భాగంకన్నా తక్కువున్నా పనిచేస్తుంది. ఇప్పుడు పొగను నీటిలోకి పంపి, ఆ నీళ్ళలో గింజలు నానబెట్టి చల్లుతారు. అసలు గింజే సరిగా కట్టని తుంగజాతి మొక్కల్ని నర్సరీలో టిష్యూ కల్చర్ చేసి పెంచి తెచ్చి నాటుతారు.

ఇంత చేసినా అక్కడి అడవి పూర్తిగా తిరిగి వచ్చిందనుకోకండి. చెట్టుకు తొర్ర పడడానికి వందేళ్ళు పైనే పడుతుంది. తొర్రల్లో గూడు పెట్టే చిలకజాతి పక్షులకు ఇరవై ఏళ్ళ చెట్టు ఇల్లు కాదు. పాత దుంగలు, రాళ్ళ గుట్టలు అక్కడక్కడా పేర్చి చిన్న జంతువులకు దాగే చోటిస్తున్నారు. పెద్ద చెట్టు పోతే దాని వయసును ఏ శాస్త్రవేత్తా తిరిగి ఇవ్వలేడు. కాబట్టి తవ్వకూడని చోటంటూ కూడా ఉంటుంది. ఏ గుట్ట దగ్గర చెయ్యి ఆపాలో ముందే తేల్చుకోవాలి.

మన దేశానికి వద్దాం. ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో ఆరావళి కొండల రాయి ఏళ్ళ తరబడి తీశారు. తవ్వి వదిలేసిన సుమారు 390 ఎకరాల్లో అయామ్‌గుర్‌గావ్ అనే పౌరుల సంఘం 2010లో పని మొదలుపెట్టింది. ఏ మొక్క ఎక్కడ పెట్టాలో చూసుకున్నది విజయ్ ధస్మానా. వాళ్ళకు ఎదురైన పెద్ద శత్రువును మీకు వేరే చెప్పక్కర్లేదు, సర్కారు తుమ్మ. ఎక్కడో అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. మన దగ్గర కూడా వదిలేసిన క్వారీ, ఎండిన చెరువుగట్టు, రైలుకట్ట, ఎక్కడ చూసినా అదే. దాని కాయలు మేకలు తింటాయి, గింజలు పెంటికల్లో బయటపడి మొలుస్తాయి. నరికితే మొదట్లోంచి పది కొమ్మలు లేస్తాయి. ఇందాక సరుగుడు తప్పుకుంటుందన్నాను చూడండి, ఇది తప్పుకునే రకం కాదు. వంటచెరకిచ్చి, బొగ్గిచ్చి ఎందరో పేదల పొయ్యి వెలిగించింది, ఆ మేలు కాదనను. కానీ దాని పచ్చదనం చూసి క్వారీ బాగుపడిందనుకోకూడదు.

గురుగ్రామ్‌లో దాన్ని ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తీస్తూ, ఆరావళి సొంత చెట్లు పెంచారు. ఆ కొండలకు ముఖ్యమైన చెట్టు ధౌ. మన అడవుల్లో చిరుమాను ఉంది కదా, దానికి దగ్గర చుట్టం. రాతి పగుళ్ళలో వేళ్ళు దించి బతుకుతుంది. కానీ దాని గింజల్లో మొలిచేవి బహు తక్కువ. బజారు నర్సరీల్లో దొరికేవి గుల్‌మొహర్, అశోక, అంతే. అందుకని వాళ్ళే మిగిలిన పాత అడవులు తిరిగి గింజలేరుకుని, సొంత నర్సరీ పెట్టుకున్నారు. ఏ చెట్టు బండపైన ఉంటుంది, ఏది వాలులో, ఏది వాగు పక్కన అని పాత అడవిలో చూసి, ఇక్కడ కూడా అలాంటి చోటే నాటారు. అడవిశాఖ రక్షణలో లేని నేలల్లో జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న చోట్లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు 2022లో దీనికి దక్కింది. మన దేశంలో మొదటిది ఇదే.

మరి మన తెలుగు గుట్టలు? గని తవ్వడం అయిపోయాక ఆ నేల మీద మళ్ళీ గడ్డి మొలిపించాలనీ, పశువుల మేతకూ మొక్కలకూ జంతువులకూ పనికొచ్చేలా చెయ్యాలనీ, ఆ షరతు లీజుల్లోనే పెట్టమనీ 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. కోర్టు గడ్డి దగ్గర మొదలుపెట్టడం నాకు ఎంతో నచ్చింది. గడ్డి వేళ్ళే మట్టిని ముందుగా పట్టుకుంటాయి, ఆ మట్టి మీద మొదట హక్కున్నవాడు పశువుల కాపరి. గుట్ట పోయినప్పుడు అతని మేత పోయింది, ఎవరూ లెక్కకట్టలేదు.

గుంట నింపలేకపోతే నిలువు గోడల్నైనా మెట్లు మెట్లుగా, వాలుగా చెయ్యాలి. చుట్టూ కంచె వెయ్యాలి. ప్రతి ఏడూ వేసవిలో ఈతకు దిగి క్వారీ గుంటల్లో పిల్లలు పోవడం పేపర్లో చదువుతుంటాను, చదివిన రోజు నాకు అన్నం సయించదు. ఒడ్డు పక్క నుంచే నిలువు లోతు, పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నా సరే మీరెవరూ అందులో దిగొద్దు. ఎత్తైన రాతిగోడ ఒకటో రెండో, మనుషులు వెళ్ళలేని వైపు, అలాగే వదిలేసినా మంచిదే. రాతి అరుగుల మీద గుడ్లు పెట్టే పెద్ద గుడ్లగూబకు అది ఇల్లవుతుంది.

ఆపైన పైమట్టి. లీజు తీసుకున్న రోజు నుంచే ఆ బెత్తెడు మట్టిని దాచాలి, పల్చగా పరిచి దాచాలి, దాని మీద గడ్డి, జనుము చల్లి బతికించాలి. అది లేనిచోట ఎండాకు, పేడ, చెరువు పూడిక మన్ను తెచ్చి పగుళ్ళలో నింపాలి. చెట్లకు కోనోకార్పస్ వైపు, యూకలిప్టస్ వైపు చూడకుండా పక్కనున్న తవ్వని గుట్ట ఎక్కాలి. బలుసు, కలివి, చండ్ర, నారేపి, రేల, మోదుగ, ఏవి మీ గుట్ట మీద ఉంటే అవి. వాటి కింద రాలిన ఆకు ఊడ్చి ఓ బస్తాడు తెచ్చి మొక్కల మొదట్లో వెయ్యండి. అందులో రోకలిబండలుంటాయి, పేడపురుగులుంటాయి, బూజు ఉంటుంది. అవి ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు, బస్తాడు ఆకులో ఉచితంగా వస్తాయి.

గింజలేరడానికి ఎండాకాలం మంచి అదను. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి, చెట్టు మీద ఉన్నవన్నీ దులపకుండా పిట్టలకు, ఉడతలకు సగమైనా ఉంచండి. రేల గింజ పైపెంకు బహు గట్టిది, గరుకు రాయి మీద ఒకవైపు కాస్త అరగదీసి రాత్రంతా నీళ్ళలో నానబెడితే గానీ నీరు పీల్చదు. ఉబ్బినవి నాటండి, ఉబ్బనివి మళ్ళీ అరగదియ్యండి. మోదుగ గింజ అలా కాదు, నిల్వ పెడితే చచ్చిపోతుంది. పల్చటి కాయ చివరలో ఒకటే గింజ ఉంటుంది, ఆ ఏడాది ఏరింది ఆ ఏడాది తొలకరికే నేలలో పడిపోవాలి.